పై వరసలో ఏడు గుర్తులు

కంటి ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. రికార్డుల సహాయకుడి ఉద్యోగానికి నా దరఖాస్తు పరిశీలనకు తీసుకున్నారు. మూడు వారాల తర్వాత గురువారం పదింటికి పరీక్ష. పరీక్ష కంప్యూటర్ మీద, స్ప్రెడ్‌షీట్ కొత్త వెర్షన్‌లో ఉంటుంది.

మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి.

ఇరవై ఏడేళ్ళు లెక్కలు చెప్పాను. పిల్లలు తగ్గిపోయారని వేసవి సెలవుల్లో మా బడి మూసేశారు. హాజరుపట్టీ అయినా, మార్కుల రిజిస్టరయినా చేత్తో రాయడమే నాకు తెలుసు. నాకు యాభై రెండేళ్ళు. ఇంట్లో కూర్చునే వయసు కాదు, స్తోమతూ లేదు. పైగా ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో రెండు నెలలుగా చూస్తున్నాను. పొద్దున్నే చెప్పులు వేసుకుని గుమ్మం దాటవలసిన పని ఒకటి నాకు కావాలి.

నా భార్య పోయి పదకొండు నెలలు. ఆమె మందుల గోడౌన్‌లో స్టాకు చూసేది. ఆమె లాప్‌టాప్ ఛార్జరు తీగ చుట్టి, గుడ్డసంచిలో పెట్టి బీరువా పై అరలో ఉంచాను. ఉత్తరం వచ్చిన రోజే దించాను.

తెరవగానే ఒక మూల చిన్న పెట్టె కనిపించింది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడు వేయమంటారా, తర్వాత గుర్తుచేయమంటారా అని. 'తర్వాత' అన్నచోట నొక్కాను. ఆమె కూడా ఎన్నో ఏళ్ళుగా అక్కడే నొక్కుతూ వచ్చినట్టుంది.

మా మరదలికి, అంటే నా భార్య చెల్లెలికి, బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు ఉంది. దరఖాస్తులు నింపడం, పట్టికలు టైపు చేయడం ఆమె పని. షాపు పదింటికి తెరుస్తుంది. రోజూ ఎనిమిదింటికి వచ్చి గంటసేపు నేర్పుతానంది.

"ఇంతమంది పిల్లల చెవులు మెలిపెట్టారు కదా బావగారూ, ఇప్పుడు మీ వంతు" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర చూసి నుదురు కొట్టుకుంది. "ఇది ఏనాటిదో తెలుసా? దీనికంటే మీ సైకిలే కొత్తది."

"పని చేస్తోందిగా."

"చేస్తోంది. మీ పరీక్షలో అడిగేది ఇందులో లేదు. ఒక పట్టికలో పేరు చూసి ఇంకో పట్టికలో వివరం వెతికిపెట్టే ఫార్ములా కొత్తదొకటి వచ్చింది. పాతది తీసేసి కొత్తది వేస్తేనే మీకు దొరుకుతుంది."

"తీసేస్తే ఇవి ఉంటాయా?" అని తెర పైభాగం చూపించాను.

ఎడమ పక్కన పై వరసలో ఏడు చిన్న గుర్తులున్నాయి. అవి అందరికీ వచ్చేవి కావు. వంటింటి అరలో డబ్బాలు తన చేతికి అందే వరసలో ఎలా సర్దుకునేదో, తను ఎక్కువగా వాడే పనిముట్లను నా భార్య అలా అక్కడ పెట్టుకుంది. ఆ సంగతి మరదలికి చెప్పనక్కరలేకపోయింది. కాసేపు చూసి, చున్నీ కొసతో తెర మీద దుమ్ము తుడిచింది.

"మామూలుగా పోతాయి బావగారూ."

"అయితే రేపు వేద్దాం."

"రేపా? పరీక్షవాళ్ళు మీ కోసం ఆగుతారా ఏంటి?"

"ఒక్కరోజే."

ఆమె వెళ్ళాక తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి ఏడు గడులు గీశాను. ఒక్కో గడిలో ఒక్కో గుర్తు, ఎడమ నుంచి కుడికి, ఉన్నది ఉన్నట్టుగా దించుకున్నాను. మర్నాడు మరదలు ఆ కాగితం చూసింది.

"ఏంటిది, డ్రాయింగ్ మాస్టారి పోస్టుకా మీరు పెట్టింది?"

"ఇది నా సిలబస్" అన్నాను. "ఏది ఎందుకో తెలుసుకుని ఒక్కోటీ మళ్ళీ అదే వరసలో పెడతాను. ఏడూ పెట్టేసరికి నాకు ఈ పని వచ్చి తీరాలి."

ఆమె లాప్‌టాప్ నా వైపు తిప్పింది. కొత్తది వేయమని నేనే నొక్కాను.

నలభై నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక పై వరస ఖాళీగా ఉంది. గోడలూ రంగులూ మారిపోయిన వేరే ఇల్లులా ఉంది తెరంతా. కాగితాన్ని గోడకు అంటించి మొదటి గడితో మొదలుపెట్టాను.

మొదటిది పేర్లను అక్షర క్రమంలో పెట్టేది. రెండోది వడపోత, అక్కర్లేని వరసలను దాచి, కావలసినవే చూపిస్తుంది. దాస్తుంది, తుడిచేయదు. ఆ తేడా తెలిశాక దాని మీద నాకు కాస్త నమ్మకం కుదిరింది. జాబితా ఎంత కిందికి జరిపినా శీర్షికలు కదలకుండా బిగించే గుర్తు ఒకటుంది. అది బడిలో ఉండి ఉంటే వందో పేరు దగ్గర ఏ నిలువు గడి దేనిదో వేలు పెట్టి చూసుకునే బాధ నాకు తప్పేది.

నా తప్పులు మాత్రం అచ్చంగా బడిపంతులు తప్పులే. మరదలు సాధనకని పిల్లల మార్కుల పట్టిక ఇచ్చింది. మొత్తాలు వేయమంటే మనసులో కూడి టైపు చేసేశాను. ఒక్క తప్పూ లేదు. ఆమె ఒక పిల్లవాడి మార్కు మార్చింది. మొత్తం మారలేదు.

"చూశారా. మీరు తలలో కూడితే దానికేం తెలుసు? ఎలా కూడాలో దానికి చెప్పాలి, జవాబు కాదు."

మరునాడు ఇంకోటి. ఒకచోట 64కు బదులు 46 కొట్టాను. రిజిస్టర్లో దిద్దడానికి ఒక పద్ధతుంది. తప్పు అంకెను చెరపకూడదు, పైన అంకె రాసి కప్పకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. ఇక్కడ గీత ఎలా కొట్టాలో తెలియక, అదే గడిలో "46 కాదు 64" అని టైపు చేశాను. మొత్తంలోంచి ఆ పిల్లవాడి మార్కు పూర్తిగా ఎగిరిపోయింది. ఎందుకో తెలియక అరగంట కొట్టుకున్నాను.

మరదలు వచ్చి చూసి పగలబడి నవ్వింది. పదకొండు నెలల్లో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

"బావగారూ, దానికి మీ సంజాయిషీ అక్కర్లేదు, అంకె చాలు."

"తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత చూసేవాళ్ళకి తెలియొద్దా?"

"తెలియాలంటే పక్క గడిలో రాయండి. రిమార్కులని ఒక నిలువు గడి పెట్టుకోండి. దాని దారిన అది ఉంటుంది, మీ దారిన మీరుంటారు."

ఆ రోజు నుంచి ఏ పట్టిక చేసినా చివర రిమార్కుల గడి పెట్టాను.

రెండు వారాల్లో ఆరు గుర్తులు పై వరసలోకి చేరాయి. ఏడోది అంతు చిక్కలేదు. గళ్ళ పట్టిక, దాని పక్కన మాట్లాడుతున్నట్టు బుడగ. వ్యాఖ్య రాసేదేమోనని మరదలు అంది, కాదు. మామూలుగా కనిపించే పనిముట్లలో అదెక్కడా లేదు. "వదిలెయ్యండి బావగారూ, పరీక్షలో ఇది అడగరు" అంది. వదలలేదు. కనిపించని ఆదేశాల జాబితా ఒకటి లోపల ఉంటుందని మరదలు తెచ్చిచ్చిన కంప్యూటర్ పుస్తకంలో చదివి, దాన్ని మొదటి అక్షరం నుంచి చూసుకుంటూ వెళ్ళాను. ఒక శనివారం పొద్దున దొరికింది. పై వరసలో ఏడో చోట పెట్టి, ఇరవై నాలుగు అంకెలున్న పట్టిక ఎంచుకుని నొక్కాను.

ఒక ఆడగొంతు ఆ అంకెలను ఇంగ్లీషులో ఒక్కొక్కటే చదవసాగింది.

ఆ గొంతు నాకు తెలుసు. ఆదివారాలు నా భార్య పక్క గదిలో పని చేసుకుంటుంటే వినిపించేది. గోడౌన్‌లో పనిచేసే ఇంకొకావిడతో ఫోన్‌లో లెక్క సరిచూసుకుంటోందనుకునేవాణ్ణి. మధ్యలో అడ్డురాకూడదని తలుపు దగ్గరగా వేసేవాణ్ణి. ఇన్నేళ్ళూ ఆమె ఒడిలో కాగితం పెట్టుకుని, యంత్రం చదువుతుంటే ఒక్కర్తే టిక్కులు పెట్టుకుంది. అంకెలు చదివి సాయం చేయడానికి పక్క గదిలో ఒక మాస్టారు ఉన్నాడు. ఆమె అడగలేదు. నేను తలుపు తీయలేదు.

ఇరవై నాలుగు అంకెలూ పూర్తయ్యేదాకా విన్నాను. తర్వాత కొత్త ఫార్ములా పాఠం తెరిచాను.

పరీక్ష గదిలో మేం ఆరుగురం. మిగతా అయిదుగురిలో ఎవరికీ ముప్ఫై దాటలేదు. పరీక్ష పెట్టేది రికార్డుల అధికారిణి. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కంటి పరీక్షకు పిలవవలసినవాళ్ళ జాబితా మా ముందుంచారు. నాలుగు వందల పన్నెండు వరసలు. నాలుగు ప్రశ్నలు, ముప్పావు గంట.

తేదీల క్రమం అయిదు నిమిషాల్లో అయింది. రెండో ప్రశ్న: ఫోన్ నంబరును బట్టి, రెండోసారి వచ్చిన వరసలను తొలగించండి. దానికి ఒకే మీట. నొక్కాను. ముప్ఫై ఒకటి తీసేశాం, మూడు వందల ఎనభై ఒకటి మిగిలాయి అని పెట్టె వచ్చింది.

ఎవరిని తీసేసిందో చెప్పలేదు. గీత లేదు, సంతకం లేదు. కింది వరసలు పైకి జరిగి, ఖాళీ కూడా కనిపించకుండా సర్దుకున్నాయి.

ముందుకు వెళ్ళలేకపోయాను. చేసింది వెనక్కి తీసుకుని, నంబర్ల క్రమంలో పెట్టి, ఒకే నంబరున్న వరసలకు రంగు వేశాను. ఆ గదిలో కంప్యూటర్లకు గొంతు లేదు. నాకుంది. హాజరు పిలిచినట్టు పెదవుల కిందే చదవడం మొదలుపెట్టాను. పేరు, వయసు, ఏ కన్ను.

"అంకుల్, కొంచెం మెల్లగా" అంది పక్క సీటు అమ్మాయి.

"క్షమించమ్మా" అని ఇంకా తగ్గించాను.

కొన్ని నిజంగా ఒకే మనిషివి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. కొన్ని కావు. ఒకే నంబరు మీద డెబ్భై ఒక్కేళ్ళ ఆవిడ, ఎడమ కన్ను. నలభై నాలుగేళ్ళ ఆవిడ, కుడి కన్ను. ఇంటికి ఒకటే ఫోను అయితే ఇద్దరూ అదే నంబరు ఇస్తారు. మా బడి రిజిస్టర్లో అన్నదమ్ములకు ఎప్పుడూ ఒకే నంబరుండేది.

గోడ గడియారం చూశాను. ఇవన్నీ చూస్తే నాలుగో ప్రశ్నకు సమయం ఉండదని తెలుసు. నాలుగో ప్రశ్నకు పాతిక మార్కులు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అయినా రిమార్కుల గడి తెరిచి, ముప్ఫై ఒకటీ పూర్తి చేశాను. పంతొమ్మిది వరసల ఎదుట "అదే మనిషి" అని రాసి, వాటిని తీసి వేరే పుటలో ఉంచాను. పన్నెండింటి ఎదుట "వేరే మనిషి" అని రాసి ఉంచేశాను. మూడో ప్రశ్న కొత్త ఫార్ములాది, అది వచ్చింది. నాలుగో ప్రశ్న శీర్షిక టైపు చేస్తుండగా గంట కొట్టారు.

అధికారిణి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తోంది. నా దగ్గర ఆగింది.

"నాలుగోది ఏదండీ?"

"చేయలేదండి. సమయం చాలలేదు."

"రెండో దానికి మూడు వందల ఎనభై ఒకటి రావాలి. మీకు మూడు వందల తొంభై మూడు వచ్చాయి."

"పక్క గడిలో కారణం రాశానండి."

కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివింది. మొదటి రెండు వరసలు నిలబడే చదివింది. తర్వాత పక్క సీటు అమ్మాయి లేచిన కుర్చీలో కూర్చుని మిగతావి చదివింది. చివరికి వచ్చాక మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఇది పోయినేడాది జాబితా" అంది. "పేర్లూ నంబర్లూ మార్చాం. వయసులూ తేదీలూ అసలువే." కళ్ళజోడు తీసింది. "అప్పుడు కూడా ఇలాగే ఒక్క మీటతో తీసేశాం. నేనే తీశాను."

నోటుపుస్తకంలో తప్పు దొరికినప్పుడు పిల్లలకు ఏం చెప్పేవాణ్ణో అదే చెప్పాను. "కనపడింది కదండీ. దిద్దొచ్చు."

ఆమె లేచింది. "సోమవారం రాగలరా?"

"ఆ నాలుగోది నేర్చుకుని వస్తాను."

"అది మా వాళ్ళు నేర్పుతారు. ముందు మీరు రండి."

సంగతి విని మరదలు, "పాతిక మార్కులు వదులుకుని ఉద్యోగం కొట్టారా? మీ బడి పిల్లలకు మాత్రం ఇది చెప్పకండి" అంది. అన్నాక షాపు లోపలికి వెళ్ళి, ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

సోమవారం నా బల్ల మీద అసలు జాబితా, ఒక ఫోను ఉన్నాయి. ముందుగా పై వరసలో ఏడు గుర్తులూ పెట్టుకున్నాను. తర్వాత మొదటి నంబరు కలిపాను. ఒకావిడ ఎత్తింది. నడివయసు గొంతు.

"కంటి ఆసుపత్రి నుంచండి. ఈ నంబరు మీద మా దగ్గర ఇద్దరున్నారు. మిమ్మల్ని పిలిచాం, పెద్దావిడను పిలవలేదు. పొరపాటు మాదే. ఆవిడ..."

అడగవలసిన మాట అక్కడ ఆగింది. ఏడాది గడిచింది. డెబ్భై ఒకటికి ఇంకొకటి కలిసింది.

"మా అత్తగారాండీ? ఉన్నారు" అంది ఆవిడ. "ఎడమ కన్ను మసకమసకగా ఉందంటున్నారు. మీరు పిలవకుండా రాకూడదేమోనని చూస్తున్నాం. ఇదిగో, ఆవిడతోనే మాట్లాడండి."

ఫోను చేతులు మారుతున్న చప్పుడు వింటూ, రిమార్కుల గడిలో "ఉన్నారు" అని రాసి, పక్కన తేదీ వేశాను.