ఆవిరికి ఆగే బండి

ఆవిరికి కూడా దారిచ్చే మర్యాద ఎక్కడైనా ఉందా, మనిషి ఎదురైతే ఆగమన్నారు గానీ ఇస్త్రీ మిషను వదిలే ఆవిరికీ ఆగమన్నారా, అనుకుంది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్న చిన్నకోడలు, పొద్దున్నుంచి ఆ రోబో బండి గుమ్మంలో అలిగిన అల్లుడిలా నిలబడింది, పై వార్డుల నుంచి దుప్పట్లేవని ఫోన్ల మీద ఫోన్లు, దాని ముందువైపు కన్నుంటుందమ్మా, దగ్గర్లో ఏదున్నా మనిషే అనుకుని ఆగిపోతుంది అన్నాడు మెకానిక్, అయితే ఆ కన్నే మూసేస్తే పీడా పోతుందని దిండుగలేబు తీసి దానికి గంతలు కట్టింది, బటన్ నొక్కింది, వెనక్కి చూడకుండా బల్ల దగ్గరికి వచ్చేసింది, చూస్తే నడవాలో తోడికోడలు కనపడుతుంది, మూడు నెలలుగా మాటల్లేవు, ఈ పనికిమాలినదాన్ని నేనే పనిలో పెట్టించానని నలుగురిలో అంటుందా, పెట్టించింది ఆవిడే, నిజమే, మడత నేర్పిందీ ఆవిడే, అదీ నిజమే, అయినా నలుగురిలోనా, ఆవిడ మొహం చూడనని ఒట్టు, ఇందాక ఓరకంట చూసింది లెక్కలోకి రాదు, నడవాలో నేలమీద కూర్చుని మాసిన గుడ్డలు వేరుచేస్తోంది, బండి వెళ్ళే దారిలోనే, దానికి వీపు పెట్టి.

అంతలో నడవాలో దబ్బుమని చప్పుడు, ఆపైన ఏ అలికిడీ లేదు, కన్ను మూసింది తనే కదా, ఈ చేతులతోనే కదా, చేతిలో దుప్పటి ఎక్కడ పడిందో తెలీదు, గుమ్మం దాకా పరిగెత్తేసరికి మోకాలికి ఇనుము ఠక్కున తగిలింది, బండి, ఇక్కడే ఉంది, గంతలు కట్టిన చోటనే ఎర్రదీపం వెలిగించుకుని నిలబడింది, కనపడనప్పుడు కదలకూడదన్న బుద్ధి దీనికుంది, తనకే లేకపోయింది, దాని పక్కనుంచి తొంగిచూస్తే జారిపడిన బకెట్‌ని నిలబెడుతోంది ఆవిడ, నిక్షేపంలా ఉంది, చీర అంచు తడిసిందంతే.

అక్కా, అంది, అన్నాక గానీ తెలియలేదు అన్నట్టు, ఏంటే అలా రొప్పుతున్నావు, దెయ్యం కనపడిందా, అంటోంది ఆవిడ, ఏం లేదక్కా, బకెట్ చప్పుడైతేనూ, బకెట్ పడితే ఏడుస్తారటే పిచ్చిదానా, అవును ఏడుస్తోంది, నవ్వొస్తోంది కూడా, ఆ దిండుగలేబు విప్పుతుంటే ఒక్కటే తోచింది, ఆ పరుగులో ఉద్యోగం పోతుందని గుర్తురాలేదు, నలుగురిలో అన్న మాటా గుర్తురాలేదు, ఎంత కోపమున్నా, ఈ మనిషి లేకుండా సాయంత్రం ఆ అత్తారింటి గడప తొక్కడం తనవల్ల కాదు.