నాలుగు రోజుల చప్పుడు

మా గోడకి అవతల మురుగునీటి ప్లాంటు ఉంది. ఊళ్ళో అందరి ఇళ్ళ మురుగూ అక్కడ శుభ్రపడి ఏట్లోకి పోతుందట. "అట" అని ఎందుకన్నానంటే, కాగితాల మీద అలాగే పోతోంది. ఏటికి మాత్రం నాలాగే చదువు రాదు, అందుకని నల్లమొహం వేసుకుని పారేది.

మా కోడలు ఆ ప్లాంటులోనే పనిచేస్తుంది. మురుగుని తినేసేవి కంటికి కనపడని పురుగులు. వాటికి ఊపిరాడాలని తొట్టిలోకి గాలి ఊదే మిషన్లు రెండున్నాయి. అవి రాత్రీపగలూ ఆడాలి.

"ఆపితే పురుగులు చస్తాయి అత్తయ్యా. అవి చస్తే మురుగు మురుగులాగే ఏట్లో పడుతుంది" అని చెప్పింది కోడలు.

నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఇది అర్థం కావడానికి నాకు ఇంజనీరు చదువు అక్కర్లేకపోయింది. అర్థం కానిదల్లా ఇంజనీరుకే.

ఆయన కరెంటు పొదుపు మనిషి. పొద్దున ఓ గంట ఆడించి కట్టేయమనేవాడు. అదీ నోటిమాటే, కాగితం మీద పెట్టేవాడు కాదు. పురుగుల ఊపిరి తీసినందుకు ఆయనకి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది: విద్యుత్ ఆదాలో ప్రథమ స్థానం. అద్దం కట్టించి ఆఫీసుగదిలో తగిలించుకున్నాడు. ఆ ఎండాకాలం ఏట్లో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. మెమో మాత్రం మా కోడలికి వచ్చింది. మిషన్లు నడపడంలో నిర్లక్ష్యమట!

పైవాళ్ళు తనిఖీ పెట్టారు. అది సాఫీగా జరిగితే మెమో చింపేస్తాననీ, లేకపోతే కోడలి ఉద్యోగం ఊడినట్టేననీ ఇంజనీరు చెప్పాడు. ముందురోజు స్వయంగా మా ఇంటికే వచ్చాడు. మూడేళ్ళలో ఆయన మా గడప తొక్కడం అదే మొదలు.

"బామ్మగారూ, రేపు తనిఖీ ఆవిడ పక్కింటివాళ్ళని కూడా అడుగుతుంది. మిషన్లు రోజంతా మోగుతాయి, మాకలవాటే అనండి."

"అంతేనా బాబూ? ఇంకేం కలపక్కర్లేదా?"

"ఏం వద్దు. ఈ వయసులో మీకు గుర్తున్నంత చెబితే చాలు."

ఆయన వెళ్ళగానే కోడలు నా చేతులు పట్టుకుంది. "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. మీరు నోరు విప్పితే ఆగరు. ఊరికే తలూపండి."

"ఊపుతాలేవే. తలున్నది దేనికి!"

మర్నాడు తెల్లారేసరికి మిషన్లు మొదలయ్యాయి. అరుగు మీద బోర్లించిన గిన్నెలు వాటంతటవే గణగణలాడాయి. పక్క ఊరి ప్లాంటు నుంచి ట్యాంకరుతో పురుగులు బతికున్న బురద తెప్పించి తొట్లో పోయించారు. ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ, ఎరువు తెచ్చుకున్న పురుగుల గురించి పెద్దవాళ్ళు ఏమీ చెప్పిపోలేదు.

తనిఖీ ఆవిడ సీసాలపెట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వెనకాల ఇంజనీరు, ఆయన వెనకాల కోడలు.

"ఈ మోత మీకు అలవాటేనా పెద్దమ్మా?"

తలూపాను. ఒట్టు, ఊపాను.

"మరి నిద్రెలా పడుతుంది?"

దీనికి తలతో ఏం జవాబు చెప్పను? కోడలు పెదవి కొరుక్కుంటోంది. ఇవాళ అబద్ధమాడితే మెమో పోతుంది, నిజమే. కానీ ఎండాకాలం మళ్ళీ వస్తుంది, చేపలు మళ్ళీ తేలతాయి, కాగితం మళ్ళీ దీని పేరునే వస్తుంది.

"హాయిగా పడుతుందమ్మా. ఈ మోత నేను విన్నది మొత్తం నాలుగు రోజులేగా! మొదటిది ప్లాంటు తెరిచిన రోజు, మా మనవరాలికి ముందు పన్ను ఊడింది. రెండోది ముందటేడు మార్చి పదకొండు, మా పెద్దాడు నిచ్చెన మీంచి పడ్డాడు. కట్టు కట్టిన చీటీ ఉంది, తెమ్మంటావా? మూడోది నిరుడు అక్టోబరు ఆరు, నా కళ్ళజోడు విరిగింది. నాలుగోది ఇవాళ. మిగతా రోజుల్లో పొద్దున ఓ గంట దగ్గి ఊరుకుంటాయి."

"బామ్మగారిది పెద్ద వయసండీ..." అని ఇంజనీరు అడ్డుపడ్డాడు.

"వయసు మోకాళ్ళకే వచ్చింది బాబూ. గుర్తున్నంత చెప్పమన్నది నువ్వేగా!"

ఆవిడ ఫైలు తిరగేసింది. మార్చి పదకొండు, అక్టోబరు ఆరు. రెండూ పాత తనిఖీల తేదీలే.

"ఆపమన్నదెవరు?" అని కోడల్ని అడిగింది.

కోడలు ఇంజనీరు వైపు చూసింది. "రాతలో ఏమీ లేదండీ. అన్నీ నోటిమాటలే."

"లేకపోవడమేంటే! అద్దం కట్టించి మరీ ఉంది" అన్నాను. "ఆఫీసులో, ఆయన కుర్చీ వెనక గోడకి. రోజూ దుమ్ము తుడిచేది నువ్వేగా!"

ఆవిడ వెళ్ళి ఆ పత్రం చదివింది. మిషన్లు ఆపకుండా అంత కరెంటు ఎలా మిగిల్చారో చెప్పమంది. ఇంజనీరు నీళ్ళు నమిలాడు. ఏటి నీళ్ళు కావు లెండి, అంత ధైర్యం ఎక్కడిది!

కోడలి మెమో రద్దయింది. ఇంజనీరుని మహా కఠినంగా శిక్షించారు, మంచినీళ్ళ విభాగానికి బదిలీ చేశారు. పత్రం కూడా పట్టుకెళ్ళాడు. అప్పట్నుంచి మేం నీళ్ళు కాచుకుని తాగుతున్నాం.

ఇప్పుడు మిషన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఏరింకా తేటపడలేదు గానీ, నలుపు కాస్త విరిగింది. మొదటి నెల నాకు కంటిమీద కునుకు లేదు. నా నోరే కదా, ఎవర్ని తిట్టను?

మొన్న మధ్యాహ్నం కాస్త నడుం వాల్చానో లేదో, చప్పుడు ఆగిపోయింది. దిగ్గున లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్! ఎవడే ఆపింది?"

"నూనె మారుస్తున్నాం అత్తయ్యా! పది నిమిషాలే! మీరు పడుకోండి!"

"చప్పుడు లేకుండా ఎలా పడుకోనే!"

మళ్ళీ మోగేదాకా ఆ గోడ దగ్గరే నించున్నాను.