ఎనిమిదేళ్లలో చూడని తరగతి

తోటి టీచర్లను మెచ్చుకోవాలట. క్రిష్ణగిరిలో రెండు రోజుల ట్రైనింగ్‌లో కూర్చోబెట్టి మాకు చెప్పింది అదే. చేసే పనికి జీతం వస్తుంటే మళ్లీ మెచ్చుకోలెందుకని నాకు ఒళ్లు మండింది. అయినా హెడ్‌మిస్ట్రెస్‌ని కదా, ఉద్దనపల్లి దగ్గరున్న మా బడికి తిరిగి రాగానే ఆరుగురు టీచర్లకూ తలా ఒక చీటీ ఇచ్చి, ఈ బడిలో పనిచేసే ఒకరి గురించి ఒక మంచి మాట రాయమన్నాను.

ఐదు చీటీల్లో నా గురించే ఉంది. "మంజులమ్మ మేడమ్ మాకు అమ్మలాంటివారు" అని లెక్కల టీచరు ఉదయ్ కుమార్ రాశాడు. లేటుగా వచ్చినందుకు ముందు వారమే అతన్ని చెడామడా తిట్టాను. ఆరో చీటీ ఒకటీ రెండూ తరగతుల టీచరు శశికళది. వంట చేసే కెంచమ్మ, ఆలస్యంగా వచ్చే పిల్లల కోసం అన్నం మూతపెట్టి ఉంచుతుందని రాసింది. శశికళ గురించి మాత్రం ఎవరూ రాయలేదు. నేను ఆ సంగతి గమనించనైనా లేదు. ఐదు చీటీలూ పైకి చదివి లోలోపల మురిసిపోయాను, ఒప్పుకుంటాను.

మర్నాడు పొద్దున శశికళ బదిలీ ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మత్తిగిరిలో తన ఇంటికి దగ్గరి బడిలో ఖాళీ ఉందట. నా సంతకం ఒక్కటే కావాలి.

"ఏమమ్మా, ఈడ నీకేం తక్కువైంది?" అన్నాను.

"బస్సు దూరం మేడమ్."

"ఎనిమిదేండ్లుగా లేని దూరం ఈ పొద్దు యాడనుంచి వచ్చింది?"

ఫారం నా వైపు ఇంకొంచెం జరిపింది. "ఈ ఎనిమిదేండ్లలో మీరు ఒక్కసారి కూడా నా క్లాసులోకి వచ్చి కూర్చోలేదు మేడమ్. అందరి క్లాసులకూ పోతారు. నేను చెప్పేది వినేంత గొప్పగా లేదేమో అనుకున్నాను. నిన్న చీటీలు చదివినాక అది ఖాయమైపోయింది."

నాకు కోపం వచ్చింది. "తప్పు జరిగే క్లాసుకే కదమ్మా నేను పోయేది. నీ మీద ఒక్క కంప్లైంటు లేదు. నీ దగ్గరికి ఎందుకు వస్తాను?"

"అది నాకెట్లా తెలుస్తుంది మేడమ్?"

ముప్పై ఏళ్ల సర్వీసులో సరిగ్గా చెప్పలేని వాళ్ల పక్కనే కూర్చున్నాను, బాగా చెప్పేవాళ్లను వాళ్ల మానాన వదిలేశాను. అదే గౌరవం అనుకున్నాను. ఆ మాట వాళ్లతో అనాలని ఎన్నడూ తోచలేదు.

ఫారం సొరుగులో పెట్టి ఆమె వెనకే తరగతికి వెళ్లాను. చివరి వరుసలో పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాను. శశికళ బోర్డు మీద ఒక కూడిక వేసింది. నేనైతే ఎవరో ఒకరిని లేపి గట్టిగా చెప్పమనేదాన్ని. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వంగి, చెవి ఒగ్గింది. జవాబు ఆ చెవిలో చెప్పాలి, ఆమె మాటా వాళ్ల చెవిలోనే. తప్పు చెప్పినా పక్కవాళ్లకు తెలియదు, ఎవరూ నవ్వరు. మేకలు కాసుకునే ఇంటి నుంచి వచ్చే మధుమిత, నా ముందు ఏనాడూ నోరు విప్పని పిల్ల, ఆ చెవిలో ఏదో చెప్పి సంబరంగా నవ్వింది. నా ముందు బెంచీలో పిల్లవాడితో శశికళ అన్నది మాత్రం నాకు వినపడింది. "సరిగ్గా చెప్పినావు నాయనా."

ఇరవై ఎనిమిది మంది పిల్లల దగ్గర ఇరవై ఎనిమిది సార్లు వంగింది. తర్వాత నా బెంచీ దగ్గరికొచ్చి, ఏం చేయాలో తెలియక నిలబడింది. నలుగురిలో ఒకరిని పొగడడం నాకు చేతకాదు. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి వంచాను.

"నీ మాదిరి నేను ఒక్కనాడు కూడా పాఠం చెప్పలేదమ్మా," అన్నాను చెవిలో. "నువ్వు ఈడ ఉండావని నేను నిశ్చింతగా ఉన్నాను, అందుకే రాలేదు. అది నా తప్పు. నిన్ను పొమ్మనేదానికి నాకు మనసొప్పదు, అయినా సంతకం చేస్తాను. ఈ మాట మాత్రం తెలుసుకుని పో."

శశికళ వంగినది లేవలేదు. పిల్లలందరూ మా వైపే చూస్తున్నారు.

"సరిగ్గా చెప్పినారు మేడమ్," అంది నా చెవిలో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, సంతకం వద్దంటూ ఫారం వెనక్కి అడిగింది. తీసి ఇచ్చాను. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపు తీసివేతలు చెప్తాను మేడమ్. వస్తారా?"