జానెడు ఖాళీ

"జానెడూ, ఒసేయ్ జానెడూ! మేకు ఎక్కడ కొడుతున్నావే, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

అత్తయ్య కేక పార్కు ఆ చివర్నుంచి ఈ చివరికి గాలికన్నా ముందొచ్చింది. నిచ్చెన మీదున్న జానెడు ఉలిక్కిపడి, జారిపోతున్న కళ్ళజోడుని మోచేత్తో పైకి తోసుకుంది.

"ముక్కు మీదే పెట్టుకున్నా అత్తయ్యా. అవే ఉండనంటున్నాయి."

"మళ్ళీ ఊడిందా దాని మర? బిగించిన వారానికే ఊడే మర నీ ఒక్కదానికే దొరికింది తల్లీ."

జానెడు మళ్ళీ మేకు వైపు తిరిగింది. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

మనిషి పొట్టి. ఆ పేరు సగం అందుకే వచ్చింది. మిగతా సగం ఆమె చేతివల్ల వచ్చింది. పేట పండగకి ఏటా పార్కు కంచె పొడవునా బొమ్మలు కడతారు. గీసేవాళ్ళు పెద్ద చిత్రకారులేం కాదు. ఒక నర్సమ్మ, ఒక బస్సు డ్రైవరు, అలాంటివాళ్ళు. చట్రాలు కట్టేది అత్తయ్య కొట్లో, తగిలించేది జానెడు. బొమ్మకీ బొమ్మకీ మధ్య చెయ్యి చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఖాళీ చూసి మరీ మేకు కొడుతుంది. ఇంట్లో గోడమీద బుద్ధిగా ఉండే బొమ్మలకి బయటిగాలి తగిలితే కాళ్ళు నిలవవు కదా. జానెడు దూరం ఉంటే దాటలేవు. తక్కువైతే పక్కబొమ్మలోకి అడుగేస్తాయి. నిరుడు తొందర్లో ఎవరో దగ్గరగా కట్టేస్తే, డ్రైవరు గీసిన మేక నర్సమ్మ గీసిన పూలకుండీలోకి వెళ్ళి మధ్యాహ్నానికల్లా కుండీ ఒక్కటే మిగిల్చింది. వాళ్ళిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

దాటినదాన్ని గీసినవాళ్ళే పిలవాలి. వేరేవాళ్ళు పిలిస్తే రాదు. బొమ్మలు దించేలోగా పిలవకపోతే ఇక అక్కడే కాపురం.

జానెడు ఇప్పుడు పట్టుకున్న బొమ్మ చిన్నది. పసుపు బట్టలు వేసుకున్న అమ్మాయి ఒక గేటు ముందు చెప్పులు విప్పి నిలబడి ఉంది. లోపలికి వెళ్ళాలని ఉంది, కాలు రావడం లేదు. కింద పేరు లేదు. "ఎవరో కొట్లో ఇచ్చి వెళ్ళారు," అని అత్తయ్యతో చెప్పింది. మిగిలిపోయిన రంగులతో, కొట్టు వెనక గదిలో, తనే గీసింది.

పక్కనున్నది, ఆమె కళ్ళజోడు మర బిగించే కళ్ళజోళ్ళబ్బాయి గీసిన బొమ్మ. పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే తూగుడుబల్ల. కింది చివర ఒక మనిషి కూర్చున్నాడు. పై చివర ఖాళీగా ఆకాశంలో ఉంది. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో పాపం, బూట్ల చుట్టూ గడ్డి పెరిగింది.

నిన్న మర బిగించుకోడానికి వెళ్ళినప్పుడు అతని కొట్లో వాళ్ళక్క ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు సాయంత్రం అమ్మాయి తరఫువాళ్ళు వస్తున్నారు. మాటిచ్చేద్దాం. నీ మనసులో ఎవరైనా ఉంటే ఇప్పుడే ఏడు."

"ఎవరున్నారక్కా," అన్నాడతను మర వంక చూస్తూ.

ఆ మాట జానెడు గుండెలో రాత్రంతా ముల్లులా కదిలింది.

ఇప్పుడు రెండు బొమ్మల మధ్య చెయ్యి చాపింది. అటూ ఇటూ చూసింది. బొటనవేలు మెల్లగా లోపలికి ముడుచుకుంది. మిగిలిన నాలుగు వేళ్ళ వెడల్పు, బెత్తెడు, చూసి మేకు కొట్టేసింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒకావిడ అంది, "ఇదేంటి, ఈ బొమ్మలో గేటూ చెప్పులే ఉన్నాయి?"

పసుపు బట్టల అమ్మాయి పక్కబొమ్మలో తూగుడుబల్ల ఖాళీ చివర కూర్చుని ఉంది. బల్ల సమంగా నిలిచింది. ఆ మనిషి కాళ్ళు గడ్డిలోంచి లేచి గాల్లో ఉన్నాయి.

అత్తయ్య మైకు అందుకుంది. "పసుపు బట్టల పిల్ల ఎవరిదో వచ్చి పిలుచుకోండి. సాయంత్రం దాకా చూస్తాం. తర్వాత నన్నని లాభం లేదు."

ఎవరూ రాలేదు. కళ్ళజోళ్ళబ్బాయి అక్క వచ్చింది, రుసరుసలాడుతూ. "ఎవరి పిల్లో మావాడి బల్లెక్కి కూర్చుంటే ఎలా అత్తయ్యగారూ? కాసేపట్లో సంబంధంవాళ్ళు ఇక్కడికే వస్తారు. చూస్తే ఏమనుకుంటారు? దించేయండి."

"దించితే అలాగే అతుక్కుపోతుందమ్మా."

"కాసేపు కూర్చోనీ అక్కా, తొందరేముంది," అన్నాడు తమ్ముడు, బొమ్మమీంచి చూపు తిప్పకుండా.

"నీకెందుకురా అంత జాలి?"

అతను నేల చూశాడు.

అత్తయ్య ఖాళీ గేటు బొమ్మ దగ్గరికి వంగింది. చెప్పుల్లో ఒకదానికి తెగిన పట్టీ పిన్నీసుతో కలిపి ఉంది. ఆవిడ చూపు మెల్లగా జానెడు కాళ్ళమీదికి వచ్చింది. జానెడు ఎడమ కాలు కుడి కాలి వెనక దాచుకుంది.

అత్తయ్య మైకు ఆపేసింది. "ఏమే, ఇన్నేళ్ళలో నీ చెయ్యి ఒక్కసారీ తప్పలేదు. ఇవాళెలా తప్పింది?"

అవతల వీధిలో ఏదో కారు ఆగిన చప్పుడు. వాళ్ళేనేమో. ఇప్పుడు పిలిస్తే ఆ పిల్ల వెనక్కి వచ్చేస్తుంది. గేటు ముందు మళ్ళీ కాలు రాక నిలబడుతుంది. ఆ మనిషి కాళ్ళు మళ్ళీ గడ్డిలో దిగుతాయి. జానెడుకి ఏడుపొచ్చింది. దాంతోపాటు ఎక్కడిదో ధైర్యం కూడా వచ్చింది.

"తప్పలేదత్తయ్యా. బెత్తెడే పెట్టాను, కావాలనే. ఆ పిల్ల నాది."

"అయితే పిలువు."

"పిలవను," అంది జానెడు. "అక్కడే ఉండనీ."

కంచె దగ్గర గాలి కూడా ఆగి విన్నట్టయింది. అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, నోట్లో ఏం పెట్టుకున్నావు? వాళ్ళకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యక్కా. రావద్దని చెప్పు."

"అమ్మయ్య," అంది అక్క, పక్కనున్న బెంచీ మీద కూలబడి. "సంబంధాలు చూసి చూసి నా కాళ్ళు అరిగిపోయాయి. ఈ ముక్క నిన్న ఏడవచ్చుగా." అని తిట్టుకుంటూనే, నవ్వు దాచుకుంటూ ఫోన్ తీసింది. వీధిలో ఆగిన కారులోంచి ఐస్‌క్రీం పెట్టెలు దిగాయి.

జానెడు తలొంచుకుంది. వంచగానే కళ్ళజోడు జారి గడ్డిలో పడింది. అతను తీశాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మర మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆపేచోట ఆపలేదు. ఇంకా తిప్పాడు. ఎదురుగా బొమ్మలో తూగుడుబల్ల ఒకసారి అటు, ఒకసారి ఇటు, మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

అతను కళ్ళజోడు ఆమె చెవులమీద తగిలించాడు. అది కదల్లేదు.

"మరలో లోపం ఏమీ లేదండీ," అన్నాడు. "ప్రతిసారీ ఒక చుట్టు తక్కువే బిగించాను. మీరు మళ్ళీ రావాలని."