చేయి చాపినంత దూరానికి ఒక లెన్సు

కెమెరాతో పాటు వచ్చిన లెన్సు బిగుసుకుపోయింది. అమ్మాయి రింగును గుడ్డతో పట్టి తిప్పింది, బతిమాలింది, చివరికి తిట్టింది కూడా. అది చివరి అంకె, యాభై అయిదు దగ్గర మొండికేసి కూర్చుంది.

తప్పు దానిది కాదు. అక్కా బావా కొత్త కెమెరా కొనుక్కుని పాతది తనకిచ్చిన రోజు నుంచీ అమ్మాయి ఆ రింగును చివరికంటా తిప్పి పెట్టే వాడుతోంది. అలా పెడితే దూరంగా ఉన్నవి దగ్గరికొస్తాయి. రోడ్డుకు ఈ పక్క నిలబడి, ఆ పక్క బస్సు కోసం చూసేవాళ్ళను తీసుకోవచ్చు. ఎవరూ తలతిప్పి "ఏం కావాలి?" అనరు. పనికోసం ఈ ఊరొచ్చాక ఆమెతో ఊరికే మాట్లాడిన మనుషులు లేరనే చెప్పాలి, ఒక్క పిన్ని తప్ప.

పిన్ని వరసకు ఏమీ కాదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఫ్రేముల్లో అద్దాలు బిగిస్తారు. మధ్యలో ఒకే బల్ల. చేయి చాపితే పిన్ని స్క్రూడ్రైవరు అందుతుంది. చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుందని పిన్ని ఆమెను "పిల్లీ" అని పిలుస్తుంది.

ఆ పిన్ని ఈ వారంతో పని మానేస్తోంది. చూపు ఆనడం లేదు.

"ఊరందరికీ చూపు ఇచ్చి నాది పోగొట్టుకున్నా," అని తనే నవ్వింది. "మా చెల్లెలు వచ్చేయమంటోంది. పోయే ముందు నాదో ఫోటో తియ్యవే పిల్లీ. ఇదిగో, ఇలా పనిచేస్తుండగా. ముఖమొక్కటే కాదు, చేతులు కూడా పడాలి. పని చేసింది అవే కదా."

అమ్మాయి కెమెరా ఎత్తింది. ముక్కూ కళ్ళజోడూ పడ్డాయి. వెనక్కి జరిగితే వీపుకు గోడ తగిలింది. నొక్కితే అదీ మసకగా వచ్చింది. ఆ గదిలో వెలుతురంతా బల్లదీపానిదే.

"ఇదేంటే, దొంగని పట్టుకోడానికా?" అంది పిన్ని బొమ్మ చూసి.

అందుకే మర్నాడు పని కాగానే అమ్మాయి పాత కెమెరాల కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన్ని అందరూ తాత అనే పిలుస్తారు. బిగుసుకున్న లెన్సును చెవి దగ్గర ఊపి చూసి పక్కన పెట్టేశాడు.

"దీనికి వైద్యం దండగమ్మా. రోజూ వాడుకోడానికి ఇంకోటి చూసుకో."

గాజుబల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి యాభై, ఒకటి ముప్పై అయిదు. రెండింటికీ తిప్పి దగ్గరికి లాక్కునే సదుపాయం లేదు. కానీ కన్ను పెద్దది, చీకటి గదిలో కూడా పనిచేస్తాయి. రెండూ కొనే స్తోమత ఆమెకు లేదు. ఆ సంగతి ఆమె చెప్పులు చూడగానే తాతకు అర్థమైపోయింది.

"ఏది తీసుకోమంటారు తాతా?"

"నన్నడుగుతావేం, నీ కెమెరానడుగు. ప్రతి ఫోటో ఏ అంకె మీద తీశావో అదే గుర్తుపెట్టుకుంటుంది. ఎక్కువసార్లు ఏది వాడావో దానికి దగ్గరదే నీ లెన్సు." తాత ఆమె కెమెరా అందుకుని ఒక్కో ఫోటో జరుపుతూ అంకె చదివాడు. "యాభై అయిదు. యాభై అయిదు. మళ్ళీ అదే! ఇందులో ఇంకో అంకె ఉందని నీకెవరూ చెప్పలేదా అమ్మాయ్? ఇంకేం, కళ్ళు మూసుకుని యాభై తీసుకో."

అమ్మాయి అంకెలు చూడటం లేదు. జరిగిపోతున్న బొమ్మలు చూస్తోంది. ఎవరిదో వీపు. గొడుగు. బస్సు కిటికీలో ఒక మోచెయ్యి. మళ్ళీ వీపులు.

"నువ్వు ఫోటోలు తీస్తున్నావా, జనాన్ని కాపలా కాస్తున్నావా?" అన్నాడు తాత.

ఆమె నవ్వలేకపోయింది. అన్ని బొమ్మల్లో పిన్ని ఉన్నది నిన్నటి ఆ మసక బొమ్మలోనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదురుగా కూర్చునే మనిషి అంతకు ముందు ఒక్కదాంట్లోనూ లేదు. తీసినవాటి అంకెలు కెమెరా గుర్తుపెట్టుకుంది సరే, తీయలేకపోయినవి దానికెలా తెలుస్తాయి?

"తాతా, మీరలాగే కూర్చోండి," అని స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది, సరిగ్గా వెనకగదిలో కూర్చునేంత దూరంలో. యాభైతో తీస్తే తాత ముఖం పడింది, అంతే. ముప్పై అయిదుతో తీస్తే ముఖమూ, చేతులూ, ఆ చేతుల్లో తుడుస్తున్న గుడ్డా పడ్డాయి.

"ఇదివ్వండి."

"ఆలోచించుకో. దీంతో మనుషుల్ని తీయాలంటే మీద మీదికి వెళ్ళాలి. వాళ్ళు నిన్ను చూస్తారు మరి."

"చూడనివ్వండి," అంది. డబ్బు లెక్కపెట్టి గాజుబల్ల మీద పెట్టింది.

చివరిరోజు పిన్ని ఆఖరి జోడు బిగిస్తుండగా అమ్మాయి కెమెరా ఎత్తింది. పిన్ని తలెత్తి సూటిగా చూసింది. ఇన్నాళ్ళలో ఆ గాజులోంచి ఒక మనిషి తనను చూడటం అదే మొదలు. అమ్మాయి వేలు కదల్లేదు.

"నొక్కవే! చెయ్యి తిమ్మిరెక్కుతోంది నాకు."

నొక్కింది. ముఖం, చేతులు, స్క్రూడ్రైవరు. కింద మూలన ఒక టీ కప్పు అంచు కూడా.

"నీ కప్పు పడిందేమే?"

"కత్తిరించేస్తాలే పిన్నీ."

"వద్దు, ఉండనీ. ఎదురుగా ఎవరు కూర్చునేవాళ్ళు అని మా చెల్లెలు అడగదూ?"

సోమవారం పిన్ని కుర్చీలోకి ఎవరూ రాలేదు. కొత్తవాళ్ళను తీసుకునే ఆలోచన లేదని యజమాని చెప్పాడు. అమ్మాయి ఒకసారి కెమెరాలోంచి చూసింది. బల్ల, దీపం, కుర్చీ అన్నీ కొలిచి పెట్టినట్టు బొమ్మలో సరిపోయాయి. నొక్కకుండానే దించేసింది.

సాయంత్రం అలవాటు చొప్పున రోడ్డుకు ఈ పక్క నిలబడింది. కొత్త లెన్సులోంచి చూస్తే ఆ పక్క మనుషులు చీమల్లా ఉన్నారు. కాసేపు అలాగే నిలబడి, తర్వాత రోడ్డు దాటింది. బెంచీ మీద కూరగాయల సంచీతో ఒకావిడ కూర్చుని ఉంది. అమ్మాయి దగ్గరికి వెళ్ళింది, ఇంకా దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తలెత్తింది.

"ఏం కావాలమ్మా?"

ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన మాట అది. అమ్మాయి నోరు తెరిచేలోగా బస్సు వచ్చింది. ఆవిడ సంచీ ఎత్తుకుని ఎక్కేసింది.

బెంచీ ఖాళీ అయింది. అమ్మాయి దాని ఒక చివర కూర్చుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఏం కావాలో చెప్పడానికి మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.