మణెమ్మ పాట

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో వచ్చిన టైఫాయిడ్ మణెమ్మ ప్రాణం తీయలేదు గానీ, పోతూ పోతూ ఆమె చెవులు తీసుకుపోయింది. మంచం దిగిన రోజు పొయ్యి దగ్గర ఆమె చేతిలోంచి ఇత్తడి బిందె జారి పడింది. భర్త బాలస్వామి ఉలిక్కిపడి వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. మణెమ్మ మాత్రం దొర్లుతున్న బిందెను చూస్తూ నిలబడిపోయింది. ఆమెకు ఏ చప్పుడూ వినబడలేదు.

ఆమెకు చదువు రాదు. దేవుని వాక్యమంటే చెవితో విన్నదే. ఆళ్లగడ్డ క్రైస్తవ గుడిలో పాస్టరు అయ్యగారు చెప్పిందంతా మనసులో పెట్టుకుని, వారమంతా చేలో కలుపు తీస్తూ పక్క సాలు ఆడవాళ్లకు చెప్పేది. పాటలూ అంతే, ఒకసారి వింటే వచ్చేసేవి. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు గుడికి వెళ్లింది. అందరి నోళ్లూ కదులుతుంటే చూస్తూ కూర్చునేది. ఆ తర్వాత మానేసింది.

ఒక ఆదివారం బాలస్వామి చొక్కా తొడుక్కుంటూ గుడి వైపు చెయ్యి చూపించాడు.

"వచ్చి ఏం జేయల్లప్పా?" అంది మణెమ్మ. "మీరంతా ఆ వాక్యమనే కూడు తింటాంటే నేను చూస్తా కూచోవల్లనా?"

బాలస్వామి గుండీలు పెట్టుకుని ఒక్కడే వెళ్లాడు.

మణెమ్మ అక్క సరస్వతి నంద్యాలలో ఉంటుంది. చెల్లెలి సంగతి తెలిసి, ఆమెను పిలిపించుకుని డాక్టరుకు చూపించింది. డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి తల అడ్డంగా ఊపాడు. సరస్వతి ఏడ్చింది. మణెమ్మ ఏడవలేదు. లోపల అంతా ఎండిపోయినట్టుంది, అంతే.

మర్నాడు ఆదివారం. రానంటున్నా వినకుండా అక్క ఆమెను చెయ్యి పట్టుకుని గుడికి తీసుకుపోయింది. ఆ రోజు యేసు శరీరంగా రొట్టె పంచే ప్రభువు బల్ల ఉంది. అందరితోపాటు మణెమ్మ కూడా ముందుకు వెళ్లి మోకరించి తల వంచుకుంది. అక్కడి ముసలి అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో రొట్టె పెడుతూ వస్తున్నారు. ఆయన గొంతు దగ్గరగా వినబడగానే మిగతావాళ్లు చేతులు చాస్తున్నారు. మణెమ్మకు ఆయన వచ్చింది తెలియలేదు.

అయ్యగారు కాసేపు ఆగారు. పక్కనున్న సరస్వతి తన చెవి ముట్టుకుని సైగ చేసింది. ఆయన మెల్లగా వంగి మణెమ్మ చెయ్యి తాకారు. ఆమె తలెత్తింది. ఆమె కళ్లలోకి చూస్తూ, ఒక్కో అక్షరం పెదవుల మీద కనబడేలా చెప్పారాయన: "నీ కోసం, తల్లీ."

రొట్టె ముక్క అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లు మూశారు.

చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు తీసుకుందో. అప్పుడెప్పుడూ అది తన ఒక్కదాని కోసమని అనిపించలేదు. ఇప్పుడు అది నాలుక మీద కరుగుతుంటే, ఇన్నేళ్లుగా విన్న వాక్యాలు ఒక్కొక్కటే లోపల పలకడం మొదలుపెట్టాయి. పోయాయనుకున్నవి ఏవీ పోలేదు. అక్క లేపేదాకా మణెమ్మ అక్కడే ఉండిపోయింది. చెంపల నిండా నీళ్లు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో బాలస్వామి ఎదురొచ్చాడు. "ఏమన్న్యాడు డాక్టరు?" అని చేత్తో అడిగాడు.

"చెవులు ఇంక రావంట," అంది మణెమ్మ గట్టిగా. బస్టాండులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "బాగా ఆకలైతాంది. పా, ఇంటికి పోదాం."

ఆ రాత్రి ఆమె రెండు జొన్నరొట్టెలు తిని, మూడోది తుంచుకుంది. బాలస్వామి తినడం మాని ఆమెనే చూశాడు.

మరుసటి ఆదివారం అతను పిలవకముందే చీర మార్చుకుని వాకిట్లో నిలబడింది. గుడిలో పాట మొదలవగానే తనూ పాడింది. రాగం ఒక దారి, ఆమె ఒక దారి. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. బయటికొచ్చాక సంఘపెద్ద శాంతయ్య బాలస్వామిని పక్కకు పిలిచాడు.

"కొంచెం మెల్లగ పాడమని చెప్పప్పా."

"నేను చెప్పనన్నా. చెప్పినా ఆయమ్మకు ఇనపడల్ల గదా!"

శాంతయ్య ముందు ముఖం చిట్లించాడు, తర్వాత పడీ పడీ నవ్వాడు. మళ్లీ ఎవరూ ఆ మాటెత్తలేదు.

మణెమ్మ చెవులు చివరిదాకా రాలేదు. గుడి మానిందీ లేదు. పాట ముగించి అందరూ కూర్చున్నాక కూడా ఆమె కళ్లు మూసుకుని చివరి చరణం పాడుతూనే ఉండేది. అయ్యగారు బైబిలు తెరిచి పట్టుకుని, ఆమె పాడి ముగించేదాకా ఊరికే నిలబడేవారు.