మిల్లీమీటరుకు లోపల

మీరే చేశారు. దంత కళాశాల మేడ మీద చల్లగదిలో కూర్చునే మీరే. మా చెల్లెలి ముఖంలోకి దేన్నో వదిలి, ఇప్పుడు అంతా దాని భ్రమ అంటున్నారు.

చెల్లెలు జాండిరా, నేను సంఘం నడిపే సంతలోనే కజ్జికాయల్లాంటి పాస్తెల్ వేయించి అమ్ముతుంది. పైదవడ ముందుపన్ను ఊడితే మీరే ఎముకలో స్క్రూ దింపి కొత్తది పెట్టారు. పన్ను బాగానే కుదిరింది. కానీ అప్పట్నించీ ఎవరో చల్లటి వేలు కంటికింద ఆనించి, ముక్కు పక్కగా వంపు తిప్పి, పెదవి వెనక్కి దించుతున్నారట. నూనె మూకుడు ముందున్నా ఆ వేలు చల్లగానే ఉంటుందట.

"అమ్మేమో అక్కా," అంది. జ్వరమొస్తే అమ్మ అలాగే నిమిరేది, బతికున్నప్పుడు.

"అమ్మయితే ముందు తిట్టేది కాదూ?"

నవ్వలేదది.

మీ డాక్టర్ అనీబల్ దాని దవడ స్కాన్ చూసి "ఏమీ లేదు" అన్నాడు. అనుమానం మీద పక్క పన్ను పీకాడు. వేలు పోలేదు. ఇక గురువారం కోరపన్ను పీకుతాడట. అప్పటికీ తగ్గకపోతే సావో పాలోలో పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాలట.

గురువారం దాకా ఆగకుండా ఈసారి నేనూ దాని వెంట మీ కళాశాలకు వెళ్లాను. వరండాలో ఒక ముసలాయన ఫోను చూసుకుంటున్నాడు. రెండో చేతి వేలు కంటికింద మొదలై, ముక్కు పక్కగా జారి, పెదవి మీద ఆగింది. ఆయన వెనక బెంచీ మీదావిడ వేలూ అదే దారి. గోడవారనున్న అతనిదీ అంతే. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు.

"తాతా, ముఖం మీద ఏం గీస్తున్నావు?"

"నేనా? ఏం లేదే." వేలు మళ్లీ కంటికిందికి పోయింది.

"స్క్రూ పన్నుందా?"

"ముందుది. ఇక్కడే పెట్టారు. ఏం, వంకరగా ఉందా?"

లోపలికెళ్లి డాక్టర్ని నిలదీశాను.

"పైదవడలో వెంట్రుకంత నరాల కాలువలుంటాయమ్మా. మా పరిశోధనే వాటి మీద," అన్నాడు.

"మా చెల్లికి లేవా?"

"మిల్లీమీటరుకు తక్కువవి మేం లెక్కపెట్టం. అది మా నియమం."

"నియమం మీ పరిశోధనకు. బాధ దీనికి."

"మీరు సంఘాలు నడుపుకోండి, దవడలు మాకొదిలేయండి."

"దవడ మాది డాక్టరుగారూ. ఆ స్కాన్‌నే పలచటి పొరలుగా తీసి చూపించండి."

నన్ను వదిలించుకోవడానికే చూపించాడు. తెర మీద సన్నటి నల్లదారం. కంటిగుంట కింద మొదలై, ముక్కు చుట్టూ మెలి తిరిగి, సూటిగా స్క్రూ మొనలోకి దిగింది. దాని మీదుగా ఆయన మౌస్ బాణం జరుపుతున్నాడు.

జాండిరా కుర్చీలో, తెరకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని ఉంది. దాని వేలు ముఖం మీద కదులుతోంది. బాణం వంగినచోట వేలు వంగింది. ఆయన ఆపాడు. వేలు ఆగింది. బాణాన్ని వెనక్కి లాగాడు.

"అక్కా, తిరిగి పైకి పోతోంది," అంది జాండిరా.

ఆయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. అయినా తెర ఆర్పేసి ఏమన్నాడో తెలుసా? "గురువారం రండి."

మేం రాం. ఆ కోరపన్ను ముట్టుకోవద్దు. స్క్రూ తీయండి. దాచుకున్న స్కాన్లన్నీ పలచటి పొరల్లో మళ్లీ చదవండి, ఎంత సన్న కాలువైనా రాయండి. వరండాలో వాళ్లను పేరుపెట్టి లోపలికి పిలిచి, మీ స్క్రూ ఎక్కడ దిగిందో చూపించండి. ఈ వారమే, పగటిపూట, తలుపులు తెరిచిపెట్టి.